కాలేయం దాచిన పిడికెడు తీపి

ఒకప్పుడు మనిషి గంటకోసారి తినకపోతే కూలబడిపోయేవాడు. తిన్న అన్నం కడుపులో అరిగి గ్లూకోజు అనే తీపి అయ్యేది. ఒంట్లో అవయవాలన్నీ ఎగబడి ఆ తీపిని అప్పటికప్పుడే ఊడ్చేసేవి. ఏదీ మిగల్చకూడదని మెదడు చట్టం పెట్టింది. ఒంటికి పెద్ద తనే మరి, ఎదురు చెప్పేదెవరు?

ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున కొర్లయ్య అని, చేపలు పట్టేవాడు ఉండేవాడు. అతని భార్య దానమ్మ రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి చిన్న కుండలో వేసేది. కొర్లయ్య వేళాకోళం చేస్తే ఒకటే మాట అనేది.

"వేట లేన్నాడు ఏటి తింటావు? అలలు వండి పెడతాయేటి?"

కొర్లయ్య నవ్వేసేవాడు. అతని పొట్టలో కుడిపక్కన కూర్చున్న కాలేయం మాత్రం నవ్వలేదు. కడుపులోంచి వచ్చే తీపంతా ముందు దాని గుమ్మం మీదుగానే వెళ్లాలి. ఆ పూటనుంచి అది కూడా ప్రతి ముద్దలోంచీ పిడికెడు తీపి తీసి, గొలుసులుగా కట్టి, ఓ మూల దాచడం మొదలుపెట్టింది. అది చూసి కండలూ తలా కాస్త దాచుకున్నాయి.

ఒకనాడు పొద్దున్నే మెదడుకి సంగతి తెలిసిపోయింది. కండల జోలికి పోలేదు, వాటితో ఎవరు తగువు పడతారు? కాలేయాన్ని పట్టుకుని దొంగ అంది. పొద్దు వాలేలోగా దాచిందంతా పారబొయ్యమంది. కాలేయానికి ఏడుపొచ్చింది. దాచినదాంట్లో అది ఒక్క పలుకు కూడా ముట్టుకోలేదు పాపం.

అదే పూట కొర్లయ్య తెప్ప మీద వేటకెళ్లాడు. లోతుకి రాగానే తొలి ముద్ద గంగమ్మ తల్లికి వెయ్యడం వాళ్ల ఆనవాయితీ. అన్నం కుండని తాడుతో కట్టకుండానే ముద్ద వేసి, రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకున్నాడు. ఒక్క అల వచ్చి ముద్దతోపాటు కుండనీ పట్టుకుపోయింది.

గంట గడిచింది. కొర్లయ్యకి చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. ఒడ్డు ఏ పక్కనుందో తెలియలేదు. మెదడు భయపడిపోయి ముందు కండల్ని అడిగింది. తమ దగ్గరున్నది తెడ్డు వెయ్యడానికే సరిపోతుందని, గడప దాటనిచ్చేది లేదని అవి తెగేసి చెప్పాయి.

ఇక కాలేయాన్ని అడగక తప్పలేదు. సిగ్గుపడుతూనే మెదడు దాని గుమ్మం తట్టింది.

"నువ్వు ఒడ్డు వెతుకు. తీపి నేను పంపిస్తా" అంది కాలేయం.

గొలుసులు విప్పి, కొద్దికొద్దిగా నెత్తుట్లోకి వదిలింది. దాచింది తరిగిపోతున్నా బెదరలేదు. ఒంట్లో మిగిలిన తుక్కూ తునకా ఏరి తెచ్చి కొత్త తీపి వండింది. మెదడు తేరుకుంది. దూరంగా కొబ్బరి చెట్లు కనిపించాయి, వాటి కింద ఒడ్డున దానమ్మ కనిపించింది. తెప్ప ఇసుకని తాకకముందే మెదడు తన చట్టాన్ని కొట్టేసింది.

అప్పటినుంచే కండలు తమ మూట తమకే ఉంచుకుంటాయి, కాలేయం మాత్రం అందరి కోసం దాస్తుంది. అంత గొప్ప మెదడుకి దాచుకోవడం ఈనాటికీ చేతకాదు. రాత్రంతా ఏమీ తినకుండా పడుకున్నా, పొద్దున్నే కళ్లు తెరవగానే మీరు అమ్మని గుర్తుపడుతున్నారంటే, అది కాలేయం పంపిన తీపి వల్లే.