గంధంగుట్ట స్వామి పది వేళ్ళ గీతలు పుచ్చుకున్న వైనం

పూర్వం, అంటే మరీ కృతయుగంలో కాదు, భాగ్యనగరానికి పడమటి దిక్కున కొండరాళ్ళను పిండి చేసి ఆ పిండితోనే అద్దాల మేడలు లేపుతున్న రోజుల్లో, మబ్బులు కిటికీలకు తగిలి సొట్టలు పడేటంత ఎత్తైన ఒక మేడలో వకుళ అనే ఇంజనీరు పనిచేసేది. గోరంత చిప్పులో కాశీపట్నమంత సందుగొందులు గీయగల నేర్పరి ఆమె. ఆరు సంవత్సరాలు, నిద్రలో కూడా చూపుడువేలు ఆడిస్తూ, ఒకే ఒక్క చిప్పును గీసింది. అది తయారై బయటికి వచ్చేది మాత్రం సప్తసముద్రాల అవతల. వచ్చిన ఘడియలో దానికి మొదటిసారి కరెంటు ఇచ్చి ప్రాణం పోసే పీట మీద వకుళనే కూర్చోబెడతామన్నారు గాని, ఆ దేశంలో కాలు పెట్టాలంటే వీసా కావాలి, వీసాకు ముందు లాటరీలో పేరు రావాలి.

ఆ లాటరీ చదువును చూడదు, పనితనాన్ని చూడదు. కోటిమంది పేర్లు గాదెలో పోసి, కళ్ళు మూసుకుని గుప్పెడు తీసినట్టుంటుంది. మొదటి ఏడు ఆమె పేరు రాలేదు, రెండో ఏడూ రాలేదు. మూడో ఏడు, మేడ వెనక పొగబండ అనే గుట్ట మీద వెలసిన నరసింహస్వామికి మొక్కుకుంది. ఆయన ఎంతటి ఉగ్రమూర్తి అంటే, అభిషేకం చేసిన నీళ్ళు పాదాలు చేరేలోపే ఆవిరైపోయేవి. చందనం ఒక్కటే ఆయనకు ఉపశమనం. లాటరీలో పేరొస్తే, వీసా ఇంటర్వ్యూ నాటికి ముగిసేలా నలభై రోజులు స్వహస్తాలతో గంధం తీసి ఆపాదమస్తకం పూయిస్తానని వకుళ మొక్కు.

పేరొచ్చింది. ఇంటర్వ్యూకు నలభై రోజులుందనగా మొదలుపెట్టి, రోజూ తెల్లవారకముందే గుట్టెక్కి, సానరాయి ముందు కూర్చుని చందనపు చెక్క అరగదీయసాగింది. చెక్క అరిగి పొట్టిదయ్యేకొద్దీ వేళ్ళూ రాయికి ఒరుసుకునేవి. అర్చకులు వరదాచార్యులు గారికి మనసు ఒప్పక, పెద్ద గుళ్ళలో గంధానికి యంత్రాలొచ్చాయనీ, ఒకటి తెప్పిద్దామనీ ఎన్నిసార్లు చెప్పినా ఆమె వినిపించుకోలేదు.

"పగలంతా యంత్రాలతోనే కదా ఆచార్యులు గారూ నా బతుకు. స్వామి దగ్గర కూడా యంత్రమేనా?" అంది.

ముప్పయ్యో రోజున ఆఫీసు వాకిట్లో వేలిముద్ర తీసుకునే మిషను ఆమెను ఎవరో అన్నట్టు చూసి తలుపు తియ్యలేదు. దానికి జలుబు చేసిందని కాపలావాడు నవ్వి తన కార్డుతో తెరిచాడు, ఆమె కూడా నవ్వింది. అంత సూక్ష్మబుద్ధి గల మనిషికి అక్కడ అనుమానం రాకపోవడమే విధి. వీసావాళ్ళు కాగితాలు చూస్తారనుకుంది గాని వేళ్ళు చూస్తారన్న ఊహే లేదు.

నలభయ్యో రోజు గంధం పూర్తిచేసి, ఏనుగు గున్నంత బరువున్న ఫైళ్ళు మోసుకుని దూరదేశపు కచేరీకి వెళ్ళింది. అక్కడి వరస తల ఒక మండలంలో, తోక ఇంకో మండలంలో. కిటికీ వెనక కూర్చున్న అమ్మాయి మర్యాదస్తురాలే. ఫైళ్ళవంక చూడనైనా చూడకుండా, గాజుపలక మీద వేళ్ళు పెట్టమంది. పెట్టింది. తుడుచుకుని మళ్ళీ పెట్టింది. ఏడుసార్లు పెట్టింది.

"మీ వేళ్ళ మీద గీతలు లేవండీ. మానాక రండి," అంది ఆ అమ్మాయి, నిజంగానే బాధపడుతూ.

మళ్ళీ దొరికిన తేదీ ఆరు నెలల తరువాత. చిప్పు పుట్టుక ఎవరికోసం ఆగుతుంది? పీట మీద ఇంకెవరో కూర్చున్నారు. ఆరు నెలలకు చర్మం మానింది గాని గీతలు రాలేదు, పదివేళ్ళూ గులకరాళ్ళలా నున్నగా ఉండిపోయాయి. కంపెనీ వారు చిప్పు చక్కగా పలికిందని సందేశం పంపి, కింద చప్పట్లు కొడుతున్న చేతుల బొమ్మ పెట్టారు.

ఆ సందేశం వచ్చిన సాయంత్రం వకుళ గుట్టెక్కేసరికి ఆచార్యులు గారు సానరాయి పక్కన నిలబడి ఆమెను చేత్తో పిలుస్తున్నారు. ఆ రాతిమీద ఎండిన గంధాన్ని కడుగుతుంటే, సుడులతో, శంఖాలతో, ఒక్క గీతైనా చెదరని పది వేలిముద్రలు బయటపడ్డాయి. అభిషేకజలం ఆ రోజే మొట్టమొదటిసారి స్వామి పాదాలదాకా చల్లగా జారింది. ఆచార్యులు గారు మహిమ, మహిమ అని లెంపలు వేసుకున్నారు. వకుళ మూర్తివంక చాలాసేపు చూసి, "గంధం చాలలేదా స్వామీ?" అని మాత్రం అడిగింది.

నాటినుంచి పొగబండకు గంధంగుట్ట అని పేరు. ఇప్పుడక్కడ గంధం యంత్రమే తీస్తుంది, భక్తులను సాన ముట్టనివ్వరు. వీసాలకు వెళ్ళేవారు ముందుగా వచ్చి ఆ ముద్రలమీద తమ వేళ్ళు ఆనించి పోతారు. పని జరిగినవాళ్ళు కొట్టిన కొబ్బరికాయల నీళ్ళకు గుట్టకింద వాగు పుట్టిందని అంటారు.

ఏటా ఆ నలభయ్యో రోజున, సందడి సద్దుమణిగాక, తల నెరిసిన ఒకామె వస్తుంది. ఆచార్యులు గారి కొడుకు పక్కకు తప్పుకుంటాడు. ఆమె పదివేళ్ళూ రాతిమీద పెడుతుంది, ముద్రల్లో ఆ వేళ్ళు పట్టినట్టు అమరుతాయి. కాసేపుంచి, తీసి, దీపం దగ్గరికి వెళ్ళి చూసుకుంటుంది. నున్నగానే ఉంటాయి.