ఎనిమిది కాయల ఊరు

బుడ్డయ్య అనే కుర్ర ఎలుక దగ్గర నూట ఇరవై వేరుశనగ కాయలుండేవి. చెరకుతోట నగరంలో సొంత బొరియ, పైగా లెక్కల్లో దిట్ట అన్న పేరు. తోటి ఎలుకలకు గింజల లెక్కలు కట్టిపెడితే నెలకు పద్దెనిమిది కాయలొచ్చేవి. తిండికి పన్నెండు, పాము వస్తే కూతపెట్టే కాపలాకు ఎనిమిది పోయేవి. నెలనెలా రెండు కాయల లోటు. చిల్లర కొట్టు పెట్టాలన్న కోరిక కళ్లముందే కరిగిపోతోంది.

"ధాన్యం గోదాము నగరానికి పోరాదూ అల్లుడూ!" అంది ఇళ్ల బేరాలు చేసే నక్క. "అక్కడ గింజలు కాళ్లకే తగులుతుంటాయి. ఉన్న ఒక్క పిల్లికీ పళ్లూడాయి, ఇక కాపలా ఎందుకు? నెలకు ఎనిమిది కాయలు చాలు. సంపాదన పాతిక!"

బుడ్డయ్య తోకతో దుమ్ములో లెక్క వేశాడు. పదిహేడు మిగులు. చెరిపి మళ్లీ వేశాడు. అదే పదిహేడు!

"నీ కమీషనెంత మామా?"

"నలభై. బొరియ కూడా నాకు అప్పగించు. ఖాళీగా ఉంటే పాము దూరుతుంది."

మిగిలిన ఎనభై మూటగట్టుకుని బయల్దేరాడు. దూరపు కొండలు నునుపురా అని ముసలి ఉడుత గొణిగితే, "ఆ కొండను రెండుసార్లు కొలిచాను తాతా!" అని నవ్వాడు.

సగం దారిలో, కాలువ తూము దగ్గర, పిల్లల్ని వెంటేసుకుని గోదాము ఎలుక సూరమ్మ ఎదురైంది.

"ఎక్కడికక్కా?"

"చెరకుతోటకు తమ్ముడూ. అక్కడ నెలకు ఎనిమిది కాయలతో బతకొచ్చట."

"ఎనిమిదా! నేను అక్కడివాణ్ణే. ఇరవై అవుతుంది. మరి మీ గోదాములో?"

"ఇరవై రెండు. పిల్లులు మూడు. పళ్లు చూస్తేనే సగం ప్రాణం పోతుంది."

బుడ్డయ్య మూట కింద దించాడు. "ఎనిమిదని నీకెవరు చెప్పారు?"

"ఇంకెవరు, నక్క అన్నయ్యే. నలభై ఇచ్చి, ఇల్లప్పగించి వచ్చాం."

పిల్లలు తూము నీడలో చతికిలబడ్డారు. బుడ్డయ్య వెనక్కి పరుగు తీశాడు. చేరేసరికి అతని బొరియలో ఒక చుంచు సంసారం కాపురం పెట్టేసింది. గుమ్మం ముందు నక్క కూర్చుని ఉంది.

"మామా, అది నా ఇల్లు!"

"ఉన్నన్నాళ్లూ నీదే అల్లుడూ. ఊరు వదిలినవాడు తిరిగొస్తే కొత్తవాడే. పక్కది ఖాళీగా ఉంది. అద్దె పదిహేను, పది నెలల అడ్వాన్సు."

నూట యాభై. దారి తిండి పోగా మూటలో ఉన్నవి డెబ్బై. ఈసారి తోక కదపకుండానే లెక్క తేలిపోయింది.

"ఏడుస్తావెందుకురా పిచ్చోడా! లెక్క నమ్మకంగా చెప్తావుగా? తూము దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లకు 'ఎనిమిది' అని చెప్పు. తలకొక కాయ ఇస్తా."

అమ్మేవాడు చెప్పిన అంకెలతో ఎన్నిసార్లు లెక్క వేసినా, తేలేది అమ్మేవాడి లాభమే.

అది ఇప్పుడు బుడ్డయ్యకు తెలుసు. సూరమ్మ పిల్లలు ఇంకా ఆ తూము నీడలోనే ఉంటారనీ తెలుసు. "ఎనిమిది" అని ఒకసారి లోలోపల అనుకుని చూసుకున్నాడు. మూట భుజానికెత్తుకుని, తూము వైపు ముందుకాలు ఎత్తాడు.