తొమ్మిది వీసెల గొర్రెపిల్ల

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు ఒక రాకుమార్తెను చెరబట్టాడని విని పెద్దవాడు వెళ్లాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్లాడు, తిరిగి రాలేదు. ఇక మిగిలింది మూడోవాడు, నాగదత్తుడు. రాజు ఏడ్చాడు, రాణి ఏడ్చింది. వాడు మాత్రం ఆగితేనా, బయల్దేరాడు.

ఏడో సముద్రం దాటగానే ఒడ్డున ఒక గొర్రెపిల్ల కుంటుతూ కనిపించింది. నాగదత్తుడు దాని గిట్టలో ముల్లు తీశాడు. అది మనిషిలా మాట్లాడింది.

"మీ అన్నలు కరాళుడి వాకిట్లో రాళ్లయి పడున్నారు. వాడి ప్రాణం ఏ చిలకలోనో లేదు, తక్కెడ ముల్లులో ఉంది. బతికున్న గొర్రెపిల్లను చూపించి, కోస్తే మాంసం ఎంత పడుతుందని అడుగుతాడు. మూడుసార్లు సరిగ్గా చెబితే ఆ ముల్లు విరుగుతుంది, రాళ్లు మనుషులవుతాయి. మీ పెద్దన్న పొట్ట చూసి మోసపోయాడు, అందులో ఉన్నవి తాగిన నీళ్లు. చిన్నన్న ఉన్ని చూసి మోసపోయాడు."

"మరి నేనేం చూడాలి?"

"ముందుకాళ్ల వెనక రొమ్ముకి తాడు చుట్టు. భుజం నుంచి తోక మొదలుదాకా పొడుగు చూడు. నడుం మీద వేళ్లు నొక్కి, ఎముక ఎంత లోతునుందో చూడు. రా, నా మీదే నేర్చుకో."

ఏ కొలతకు ఎన్ని వీసెలో కూడా అదే చెప్పింది. వాడు ఎన్నిసార్లు తప్పినా ఓపిగ్గా నిలబడింది.

నాగదత్తుడు కోటకు వెళ్లాడు. "ఎంతో చెబితే కోసి తూస్తాను, తప్పితే రాయివే. తెలియదన్నావా, గొర్రెపిల్ల మందలోకి, నువ్వు రాళ్లలోకి!" అన్నాడు కరాళుడు. నాగదత్తుడు మొదటిదాన్ని కొలిచి చెప్పాడు, సరిపోయింది. రెండోదాన్ని కొలిచి చెప్పాడు, సరిపోయింది. మూడోసారి కరాళుడు ఆ మాట్లాడే గొర్రెపిల్లనే లాక్కొచ్చాడు. నేస్తాన్ని ఎవడు కోయిస్తాడులే అని వాడి ధీమా. పాపం, రాజుల సంగతి వాడికేం తెలుసు!

దాన్ని కొలవక్కర్లేదు. ఎంతో నాగదత్తుడికి ముందే తెలుసు.

"చెప్పొద్దంటావా?" అన్నాడు మెల్లగా.

"నేనెందుకంటాను? అన్నలు నీవాళ్లు, నోరూ నీదే" అంది గొర్రెపిల్ల.

"తొమ్మిది వీసెలు" అన్నాడు నాగదత్తుడు.

కోశారు. తూచారు. ముల్లు నిట్టనిలువుగా నిలబడింది. 'చూశావా, గురి తప్పలేదు!' అని వాడి మనసు ఒక్క క్షణం పొంగింది. ఆ పొంగుకే తర్వాత జీవితాంతం సిగ్గుపడ్డాడు. ముల్లు పుటుక్కున విరిగింది, కరాళుడు నేలకూలాడు, అన్నలు ఒళ్లు విరుచుకుంటూ లేచారు.

రాకుమార్తెతో నాగదత్తుడి పెళ్లి ఊరూవాడా చూసింది. పట్టాభిషేకమూ అయింది. కొన్నాళ్లకు ఆడపిల్ల పుట్టింది. బారసాల నాడు పళ్లెంలో బియ్యం పోసి, బంగారు ఉంగరం చేతికిచ్చి "పేరు రాయండి మహారాజా" అన్నాడు పురోహితుడు. అన్నల ప్రాణం నిలిపినదాని పేరే కూతురికి పెట్టుకోవాలని నాగదత్తుడి కోరిక. ఉంగరం బియ్యం మీద ఆనింది, ఆగిపోయింది. ఆ గొర్రెపిల్ల చుట్టుకొలత తెలుసు, పొడుగు తెలుసు. పేరు మాత్రం ఏనాడూ అడగలేదు.

"రాయరేం?" అంది రాణి.

"నువ్వే ఏదో ఒకటి చెప్పు" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

రాణి చెప్పిన పేరే రాశాడు. ఆ తర్వాత నాగదత్తుడు పిల్లాపాపలతో చాలాకాలం చల్లగా రాజ్యమేలాడు. ఎవరెదురైనా ముందు పేరడిగేవాడు. మందలో గొర్రెపిల్లలు ఎదురైనా ఆగి అడిగేవాడు. అవి మాట్లాడలేదు.