తడి పడుగు మీద పడిన సైకిలు

మగ్గాల వీధి పక్కనే కాపురముండే నాగలింగం చెడ్డవాడేం కాదు గానీ, ఏ తప్పు జరిగినా ఎవరూ అడక్కముందే "నాది కాదు" అనేవాడు. పాలు పొంగిపోతే తప్పు పొయ్యిది. చొక్కా చిరిగితే తప్పు మేకుది. పాపం, ఇన్నేళ్లలో ఆయనగారి వల్ల ఒక్క తప్పూ జరగనే లేదు.

ఆ వీధిలో ఒక కట్టుబాటు ఉండేది. నేతగాళ్లు పొద్దున్నే, బట్టకు నిలువు పోగులయ్యే పడుగు నూలును వీధి పొడవునా పరిచి, దారాలు గట్టిపడటానికి గంజి పెట్టేవారు. అది ఆరేదాకా సైకిళ్ల మీద వచ్చేవాళ్లు దిగి, నడిపించుకుంటూ పోవాలి. ఎవరి సైకిలు పడుగు మీద పడితే ఆ నష్టం వాళ్లే భరించాలి. నాగలింగం మాత్రం ఏనాడూ దిగేవాడు కాదు. గంట కొడుతూ దూసుకుపోయేవాడు.

ఒకరోజు వీరాస్వామి అనే ముసలి నేతగాడు పడుగు పరిచాడు. ఇంట్లో ఉన్న నూలంతా అదే. అది పాడైతే నెలరోజులు మగ్గం ఆడదు, పొయ్యి వెలగదు. బియ్యం మిల్లులో పనికి ఆలస్యమైందని నాగలింగం ఎప్పటిలాగే తొక్కుకుంటూ వచ్చాడు. అదే సమయానికి పక్క సందులోంచి చీపుళ్లమ్ముకునే భూషణం సైకిలు మీద వస్తున్నాడు. పడుగును చూసి దిగబోతూ ఒక కాలు నేల మీద పెట్టాడో లేదో, నాగలింగం వచ్చి గుద్దేశాడు. నాగలింగం ఇసుకలో పడ్డాడు. భూషణం సైకిలేమో చీపుళ్ల మోపుతో సహా తడి పడుగు మీద పడింది. ఎన్ని పోగులు తెగాయో లెక్కే లేదు.

"నా తప్పేం లేదు," అన్నాడు నాగలింగం, ఇంకా లేవకుండానే. "చూసుకోండి, నా సైకిలు ఒక్క పోగును కూడా తాకలేదు."

జనం చేరారు. "పడింది భూషణం సైకిలే కదా, అతనే భరించాలి," అన్నారు కొందరు. "అతన్ని గుద్దిందెవరో ముందు తేల్చండి," అన్నారు ఇంకొందరు. అది తేలేదాకా ఎవరూ పడుగు ముట్టుకోవద్దన్నారు పెద్దలు. వాదన ముదిరింది.

వీరాస్వామి భార్య సాంబమ్మ ఎండ వైపు చూసింది. "గంజి ఆరితే పోగులన్నీ అంటుకుపోతాయి నాయనా. ఇక అతకడం ఎవరి తరమూ కాదు," అంది.

నాగలింగం తన సైకిలు లేపుకున్నాడు. ఎక్కి వెళ్లిపోతే ఆపేవాళ్లు లేరు. అప్పుడు మోచేతి నుంచి నెత్తురు కారుతుండగా భూషణం అతని దగ్గరకు వచ్చాడు. తిడతాడనుకుని నాగలింగం జవాబు సిద్ధం చేసుకున్నాడు.

"అన్నా, నీకు దెబ్బలేం తగల్లేదు కదా?" అని అడిగాడు భూషణం.

సిద్ధం చేసుకున్న జవాబు ఈ ప్రశ్నకు పనికిరాలేదు. నాగలింగానికి సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు. సైకిలు గోడకు చేర్చాడు. "తప్పు నాది. అతను దిగుతూనే ఉన్నాడు. దిగకుండా వచ్చి గుద్దింది నేను. ఈ నష్టం నేనే భరిస్తాను," అన్నాడు.

వాదన ఠక్కున ఆగిపోయింది. ఇక తేల్చడానికేముంది?

"భరించడం సంగతి తర్వాత. ముందు కూర్చో," అన్నాడు వీరాస్వామి. వేళ్లు జారకుండా సాంబమ్మ ఇంత బూడిద తెచ్చి నాగలింగం చేతిలో పోసింది. తెగిన కొసలు రెండూ కలిపి ఎలా మెలిపెట్టాలో చూపించింది. అతను అతికిన మొదటి పోగు ఊడిపోయింది. రెండోదీ ఊడిపోయింది. ఎదురింటాయన నవ్వి, "జరగవయ్యా, నీ వేళ్లకు చీర కాదు గదా గోనెసంచి కూడా రాదు," అంటూ పక్కన కూర్చున్నాడు. ఆ వెనకే ఇంకొకరు వచ్చారు. అందాకా వాదులాడుకున్నవాళ్లంతా పడుగుకు రెండు పక్కలా బారులు తీరారు. ఎండ ముదిరేలోపు చివరి పోగు కూడా అతికింది.

సాంబమ్మ అందరికీ దండం పెట్టింది. "మా మగ్గం నిలబెట్టారు," అని కళ్లు తుడుచుకుంది.

నాగలింగం తన తువ్వాలు తీసి భూషణం మోచేతికి కట్టాడు. "నువ్వు ఆ ఒక్క మాట అడక్కపోతే నేను వెళ్లిపోయేవాణ్ణి తమ్ముడూ. బతికున్నంతకాలం నీ మేలు మరచిపోను," అన్నాడు. భూషణం సైకిలుకు వంకరపోయిన చక్రాన్ని ఊడదీసి, భుజాన వేసుకుని, బాగుచేయించడానికి బయలుదేరాడు. మిల్లులో చీవాట్లు తప్పవని తెలుసు. అయినా మనసు తేలికగా ఉంది.

తప్పు ఎవరిదని వాదించుకుంటూ కూర్చుంటే నష్టం పెరుగుతుంది. నాదేనని ఒప్పుకుంటే, దాన్ని సరిదిద్దడానికి నలుగురూ చేయి వేస్తారు.