పేర్రాజు పవర్ సప్లై బంతి భోజనం

ఇది నమ్మనివాళ్ళు ఎవరన్నా ఉంటే ఇప్పుడే లేచి బయటికెళ్ళి కూర్చోవచ్చు. సగంలో లేచి "ఇలా ఎక్కడన్నా జరుగుతుందా" అంటే మాత్రం ఊరుకునేది లేదు. జరిగింది. కొండాలమ్మపాలెంలో ఊరంతా చూస్తుండగా జరిగింది.

పేర్రాజుది పెళ్ళి వీడియోల స్టూడియో. ఆయన తీసిన వీడియోలో తలంబ్రాల గింజలు గింజ గింజా లెక్కపెట్టుకోవచ్చు. భార్య మంగతాయారు, బావమరిది బుల్లబ్బాయి ఆయనకి కుడిభుజం, ఎడమభుజం. రెండు గోదారుల మధ్య ఉన్న తెలివంతా పోగేసి తూచినా తమ ముగ్గురికీ సరితూగదని పేర్రాజు గట్టి నమ్మకం. ఎవరేం చెప్పినా పొల్లుపోకుండా చెయ్యడమే ఆ తెలివి రహస్యం.

కొండాలమ్మపాలెం గన్నెయ్యగారు కూతురి పదహార్రోజుల పండగకి బంధువులందర్నీ పిలిచి, టీవీలో పెళ్ళి వీడియో వేయిస్తానన్నారు. అది బాగుంటే ఆ ఊరి పెళ్ళిళ్ళన్నీ పేర్రాజువే. లేకపోతే పక్క వీధి స్టూడియోవాడివి. అందుకని పేర్రాజు కంప్యూటర్‌కి కొత్త గ్రాఫిక్స్ కార్డు కూడా పెట్టించాడు. ఇంకేముంది, వీడియో మిక్సింగ్ మొదలెట్టగానే కంప్యూటర్ టప్పున ఆరిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ ఆరిపోయింది.

మెకానిక్ ఇమ్మానుయేలుకి ఫోను చేశారు.

"లోపల అన్నిటికీ కరెంటు పంచే డబ్బా, పవర్ సప్లై, చిన్నదండి, కొత్త కార్డుకి చాలట్లేదు," అన్నాడతను. ఎలా చెబితే వీళ్ళకెక్కుతుందా అని ఆలోచించి, పెళ్ళిళ్ళవాళ్ళు కదా అని ఇలా చెప్పాడు: "పెళ్ళి వంట అనుకోండి. ఎంతమంది తింటారో చూసుకుని, పైన కాస్త ఎక్కువ వండిస్తాం కదండీ. లోపలున్నవన్నీ ఎంత కరెంటు లాగుతాయో కూడి, దానికి కాస్త పెద్దది తీసుకోండి."

అంతే. పేర్రాజుకి బుర్రలో లైటు వెలిగింది.

"ఓస్, పెళ్ళి వంటేనా. వంట చాలకపోతే మనవాళ్ళేం చేస్తారు తాయారూ?"

"బంతులేస్తారండీ. ముందు కొందరు, తర్వాత కొందరు."

"మరి పెద్దది కొనడం దేనికి?"

బుల్లబ్బాయి స్క్రూడ్రైవరు తెచ్చాడు. "మొదటి బంతిలో ఎవర్ని కూర్చోబెడదాం బావా?"

"పెద్దవాళ్ళని. ప్రాసెసరు మనింటికొచ్చి చాలాకాలమైంది. కార్డు నిన్నగాక మొన్నొచ్చింది, ఆగుతుంది."

కార్డు పీకారు. కంప్యూటర్ నడిచింది గానీ మిక్సింగ్ నత్తనడక. సరే, మొదటి బంతి తినేసిందన్నారు. రెండో బంతికి కార్డు పెట్టి ప్రాసెసరు పీకారు. తెర నల్లగా ఉండిపోయింది.

"కార్డుకి మొహమాటంలా ఉంది," అంది మంగతాయారు. "కొత్తల్లుడిలాగ, ఎవరూ పక్కన లేకపోతే తినదు." అని పక్కన పీట వేసుకుని కూర్చుని, కొసరి కొసరి బతిమాలింది.

మళ్ళీ ఫోను. ఇమ్మానుయేలు నవ్వాపుకోలేక, "అందరూ ఒకే బంతిలో కూర్చోవాలండీ బాబూ. ప్రాసెసర్ని ముట్టుకోకండి, నేనే వస్తున్నా," అన్నాడు.

అతనొచ్చేలోపు ముగ్గురూ కంప్యూటర్ల కొట్టుకెళ్ళారు. కొట్టాయన కార్డు పేరు, ప్రాసెసరు పేరు అడిగి, వేళ్ళ మీద కూడి, "ఆరువందల యాభై వాట్లది చాలు, కాస్త మిగులుతుంది కూడా," అన్నాడు.

"పిలవనివాళ్ళొస్తే?" అన్నాడు పేర్రాజు.

"కంప్యూటర్లోకి పిలవనివాళ్ళెవరొస్తారండీ?"

"మీరు మా వైపు పెళ్ళిళ్ళు చూసినట్టు లేదు." అని కొట్లో ఉన్నవాటిలోకెల్లా పెద్దది, వెయ్యి వాట్లది, చంకనెత్తుకుని వచ్చేశాడు.

ఇమ్మానుయేలు అంతా సరిచేసి బిగించాడు. మిక్సింగ్ దౌడు తీసింది. ఎంత దౌడంటే పురోహితుడి మంత్రాలకంటే ముందే మూడు ముళ్ళూ పడిపోయాయి. సాయంత్రానికల్లా వీడియో తయారు. ఇమ్మానుయేలు పోతూ పోతూ, "దీన్లో సగానికి సగం మిగిలిపోతుందండి, మీకిక బెంగలేదు," అన్నాడు.

అతను వెళ్ళాడో లేదో పేర్రాజుకి బెంగ పట్టుకుంది.

"తాయారూ, పెళ్ళి వంట మిగిలితే ఎవరిది?"

"పెళ్ళివారిదేనండీ. వంటవాడు ఇంటికి పట్టుకెళితే ఇంకెవరన్నా పిలుస్తారా?"

"మరి ఇది గన్నెయ్యగారింటి పెళ్ళి. మిగిలింది ఆయనదే. ఇది మనింట్లో ఉంచుకున్నామని తెలిస్తే ఆ ఊళ్ళో మనల్ని గడప తొక్కనివ్వరు."

ఇంకేముంది, పండగనాడు పవర్ సప్లై ఊడదీశారు. పళ్ళెంలో పెట్టి, పక్కన అరటిపళ్ళు, తాంబూలం సర్ది, ముగ్గురూ ఆటోలో కొండాలమ్మపాలెం వెళ్ళారు. పందిట్లో బంధువులంతా టీవీకి కళ్ళప్పగించి కూర్చున్నారు. పేర్రాజు ఠీవిగా నడిచివెళ్ళి ఆ పళ్ళెం గన్నెయ్యగారి చేతుల్లో పెట్టాడు.

"ఇదేంటయ్యా పేర్రాజూ? వీడియో ఏదీ?"

"వీడియోకేమండీ, ఇంటిదగ్గర కంప్యూటర్లో భద్రంగా ఉంది. ముందు మీ సొమ్ము మీరు తీసుకోండి."

"ఆ కంప్యూటరేదో పట్రావయ్యా మరి. జనం కూర్చున్నారు."

"తెస్తే దేంతో నడుస్తుందండీ? నడిపించేది మీకిచ్చేశాం కదా."

గన్నెయ్యగారు పళ్ళెం ఠపీమని బల్ల మీద పెట్టారు. ఆయన కోపం చూసి బుల్లబ్బాయి బావ చెవిలో గుసగుసలాడాడు. పేర్రాజు ముఖం విప్పారింది.

"తప్పు మాదేనండి, చెప్పడం మరిచాం. మిగిలిందంతా మీ గిన్నెలోకి వంపుకుని, డబ్బా మాకిచ్చేయండి. క్షణంలో వెళ్ళి వీడియో వేసుకొస్తాం."

పందిరంతా గొల్లుమంది. ఆ ఊరి పెళ్ళిళ్ళు తర్వాత ఏ స్టూడియోకి పోయాయో చెప్పక్కర్లేదు. కానీ ఆ పూట వాళ్ళ మాట మన్నించి ఒకాయన నిజంగానే గుండిగ తెచ్చి పట్టాడు. పేర్రాజు ఆ డబ్బాని దాంట్లోకి బోర్లించి, అడుగున నాలుగు దెబ్బలు కొట్టి, "చిక్కగా ఉన్నట్టుంది, కాసేపు ఆగండి," అన్నాడు. నమ్మకపోతే గుండిగ పట్టుకున్న వంటల సత్తెయ్యనే అడగండి.