వేడినీళ్ల బుగ్గకు పట్టా

కొండ కింద ఊరుమ్మడి భూమిలో ఒక వేడినీళ్ల బుగ్గ ఉండేది. మంత్రసాని గవరమ్మ బాలింతలకు అక్కడే స్నానం చేయించేది. మంత్రి విరూపాక్షయ్య కన్ను దానిమీద పడింది. భూమిలోని వేడంతా రాజుగారిదనీ, పట్టా లేకుండా వాడితే కొరడా దెబ్బలనీ చట్టం చేయించి, బుగ్గను తన బావమరిదికి కౌలుకిచ్చాడు.

చలికాలంలో రాజుగారితో బుగ్గ చూడ్డానికొచ్చిన మంత్రి, పక్కనున్న వెచ్చటి బండమీద హాయిగా చతికిలబడ్డాడు.

"దొరా, తమరి పిర్రలకు పట్టా తీసుకున్నారా?" అంది అక్కడే నిలబడ్డ గవరమ్మ.

మంత్రి దిగ్గున లేచాడు. "నేనేం వేడిని తీసుకోలేదు! అదే పైకొస్తోంది!"

"మా బాలింతల దగ్గరికీ అదే వస్తోంది దొరా. మేమూ లోపలికెళ్లి తేవడం లేదు."

రాజు పకపకా నవ్వాడు. "తనంతట తానే పైకొచ్చింది ఊరిది. తవ్వి తీసేవాడికే పట్టా" అని తీర్పిచ్చి, మంత్రి బావమరిదికి ఓ గడ్డపార ఇప్పించాడు.