పాపుల్ని పట్టే కండువా

రేకులకోట రాజు అనంగభూపతికి ఒకరోజు పొద్దున్నే అద్దం ముందు ఓ కోరిక పుట్టింది. అది సభకొచ్చేసరికి ఆజ్ఞ అయి కూర్చుంది.

"నా భుజం మీది కండువా రంగు ఈ రాజ్యంలో ఇంకే ఇంట్లోనూ ఉండకూడదు!"

సభంతా నేలచూపులు చూసింది. గుండప్ప ఒక్కడే లేచాడు. ఆయన రంగులద్దే మనిషే గానీ, బట్టలకంటే మాటలకే ఎక్కువ రంగులద్దుతాడు. 'వర్ణబ్రహ్మ' అని బిరుదు కూడా ఉంది. ఎవరిచ్చారని అడక్కండి, ఆయనే పుచ్చుకున్నాడు.

పక్షం తిరక్కుండా రెండు కండువాలు తెచ్చాడు. మేలిమి బంగారంలా మెరిసిపోతున్నాయి.

"ఉత్తరాన మంచుకొండల్లో పన్నెండేళ్లకోసారి పూసే స్వర్ణపుష్పం రంగు ప్రభూ! మామూలు మనుషులకి కలలో కూడా కనిపించదు."

రాజు ఉబ్బితబ్బిబ్బయి గుండప్పకి పల్లకీ ఇచ్చాడు. ఒక కండువా వేసుకుని రెండోది పెట్టెలో దాచమన్నాడు.

పదో రోజున వేసుకున్న కండువా మీద పాయసం ఒలికింది. కోట బట్టలు ఉతికే ఓబన్న దాన్ని రేవుకి పట్టుకెళ్లి, అన్ని బట్టల్లాగే చవుటిమట్టి నీళ్లలో నానేశాడు. తీసి చూస్తే ఎర్రగా ఉంది! ఓబన్న గుండె జారిపోయింది.

సంగతి తెలిసి గుండప్ప గుండె కూడా జారింది గానీ, నోరు జారలేదు.

"అదే స్వర్ణపుష్పం మహిమ ప్రభూ! పాపి చెయ్యి తగిలితే నెత్తుటి కన్నీరు పెడుతుంది. ఈ ఓబన్న ఏ ఘోరం చేసి దాచాడో!"

రాజు మండిపడ్డాడు. రేపు పొద్దుగూకేలోగా పెళ్లాంబిడ్డలతో రాజ్యం దాటిపొమ్మన్నాడు. అవతల ఓబన్న కూతురి పెళ్లి నాలుగు రోజుల్లో ఉంది. పందిరి కూడా వేసేశారు.

ఓబన్న తిన్నగా వెళ్లి నాంచారి గుమ్మంలో కూలబడ్డాడు. నాంచారి రాజుగారికి తాంబూలం అందించే మనిషి. ఇరవై ఏళ్లుగా ఆ సింహాసనం పక్కనే నిలబడి అందరి మాటలూ వింటోంది.

"నేనేం చేశానక్కా? చవుటినీళ్లలో వేశాను, అంతే. పిల్ల మొహం ఎలా చూడను?"

నాంచారి కళ్లొత్తుకుందామని చెంగు ఎత్తింది. ఎత్తిన చెంగు వంక చూసి అలాగే ఆగిపోయింది. ఏడుపు ఎటు పోయిందో, నవ్వొచ్చింది.

"పందిరి విప్పకు తమ్ముడూ. పెళ్లిపనులు చూసుకో" అంది.

మర్నాడు సభలో తమలపాకుల పళ్లెం పట్టుకుని అందరి దగ్గరికీ తిరిగింది. "నా వేలు తెగింది దొరా, ఈ పూటకి ఎవరి సున్నం వాళ్లే రాసుకోండి" అంటూ సున్నపుకాయ చేతికిచ్చింది. మంత్రి రాసుకున్నాడు. సేనాపతి రాసుకున్నాడు. పురోహితుడు రాసుకున్నాడు. చివరికి రాజు కూడా, చిన్నపిల్లాడి సరదాతో, వేలు ముంచి రాసుకున్నాడు. గుండప్పకి మాత్రం ఆకు అలవాటు లేదు.

అందరి బుగ్గలూ నిండాక నాంచారి చేతులు కట్టుకుంది.

"ప్రభూ, నాకు భయంగా ఉంది. రేవులో ఉండే ఓబన్నే అంత పాపి అయితే, ఏలినవారి పక్కన కూర్చునేవాళ్ల మాటేమిటి? ఆ రెండో కండువా తెప్పించి అందరిచేతా ముట్టించండి."

రాజుకి ఆ మాట నచ్చింది. కండువా వచ్చింది.

మంత్రి ధీమాగా బొటనవేలు ఆనించాడు. ఎర్రటి మచ్చ!

సేనాపతి చూపుడువేలు ఆనించాడు. ఇంకో ఎర్రటి మచ్చ!

పురోహితుడు శివశివా అంటూ ముట్టుకుని, మచ్చ చూసి, మళ్లీ శివశివా అన్నాడు.

గుండప్పకి సంగతి అర్థమైంది. చెబితే పల్లకీ పోతుంది, చెప్పకపోతే ఏం పోతుందో తెలీదు. ఇంతలో నాంచారి కండువా తీసుకెళ్లి సింహాసనం ముందు పరిచింది.

"ఏలినవారు కూడా ఒక్కసారి..."

రాజు వేలు చాచాడు. ఇప్పుడు మచ్చ పడిందంటే గుండప్ప రాజునే పాపి అన్నట్టు! గబుక్కున అడ్డం వచ్చాడు.

"వద్దు ప్రభూ! ముందు చెయ్యి కడుక్కోండి!"

"ఎందుకయ్యా?"

"తమ వేలికి... సున్నం ఉంది!"

"సున్నానికీ పాపానికీ ఏమిటి సంబంధం?"

నాంచారి తన చెంగు ఎత్తి చూపించింది. పసుపునీళ్లలో ముంచుకున్న చీర. ఇన్నేళ్లూ సున్నం వేళ్లు తుడుచుకున్న చోటల్లా ఎర్రటి మరకలే.

"సున్నమైనా చవుడైనా తగిలితే చాలు, ఎర్రబడే పువ్వు మా వంటింట్లోనూ ఉంది ప్రభూ. మేం దాన్ని పసుపంటాం. సున్నం కలిపి పెళ్లికూతురి కాళ్లకి పెట్టేటప్పుడు పారాణి అంటాం."

సభ గొల్లుమంది. రాజు మొహం మాత్రం ముడుచుకుంది.

"అయితే నేను ఏ ఇంట్లోనూ ఉండకూడదన్న రంగు..."

"ప్రతి ఇంట్లోనూ ఉంది ప్రభూ. కానీ కోపగించుకోకుండా ఆ వేలు కూడా ఇక్కడ ఆనించండి."

రాజు అయిష్టంగా ఆనించాడు. ఎర్రటి మచ్చ పడింది. నాంచారి కండువాని దులిపి ఎత్తి చూపింది.

"మంత్రిగారి బొటనవేలు, సేనాపతిగారి చూపుడువేలు, పురోహితులవారి చిటికెనవేలు, మధ్యలో మహారాజులవారి వేలు! ఇలాంటి కండువా ఇంకే ఇంట్లో ఉందో చూపించమనండి!"

రాజు ఆ మచ్చలు ఒక్కొక్కటే చూశాడు. తరువాత నోట్లో తాంబూలం పొలమారేంతగా నవ్వాడు. ఆ కండువా అక్కడికక్కడే భుజాన వేసుకుని, మెడలో హారం తీసి నాంచారి చేతిలో పెట్టాడు.

ఓబన్న పందిరి విప్పనవసరం లేకపోయింది. నాలుగో రోజున అతని కూతురు గుండప్ప పల్లకీలో ఊరేగింది. పారాణి కలిపే పని మాత్రం, రాజాజ్ఞ మీద, వర్ణబ్రహ్మగారే చేశారు.